పురి విప్పి చూడు

పొద్దున్న ఏడింటికి తాళ్ళాయన మంచం అంచున కూర్చుని, కాఫీ కంటే ముందు రెండు తలనొప్పి మాత్రలు నోట్లో వేసుకున్నాడు. తరువాత బల్ల మీది గోధుమరంగు సీసా తీసి, చేదు టానిక్కు రెండు మూతలు పోసుకుని ముఖం ముడుచుకుంటూ మింగాడు. మాత్రలు నిన్నటి సాయంత్రం కోసం, టానిక్కు ఇవాళ్టి సాయంత్రం కోసం. సీసా మీద లివరుకు మంచి బలమని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సరుకు రాకముందే గోడౌను ఊడ్చి పెట్టుకునే మనిషి ఆయన. ఒంటి విషయంలోనూ అంతే ముందుచూపుతో ఉన్నాననే అనుకునేవాడు.

వీధిలో అందరికీ ఆయన తాళ్ళాయనే. కింద దుకాణం, పైన ఇల్లు. మూటలు కట్టే సన్న తాడు మొదలు క్రేన్లకు వేలాడే ఉక్కు తాడు దాకా ఆయన దగ్గర దొరకనిది లేదు. దుకాణం నడిమధ్య దూలానికి ఒక ఇనుప కొక్కెం ఉంది. అది తండ్రి కాలం నాటిది. మోకు కొనేవాడు అనుమానంగా చూస్తే, అమ్మేవాడు దాన్ని ఆ కొక్కేనికి తగిలించి ముందు తానే పట్టుకుని వేలాడాలి. తనను మోయని సరుకు ఇంకొకరికి అంటగట్టకూడదన్నది ఆ దుకాణం పద్ధతి.

ఆ పద్ధతి ఎప్పుడు ఎలా పాకిందో గాని, కొక్కెం దగ్గర్నుంచి గ్లాసు దాకా వచ్చేసింది. ఏడాది చివరి సెలవులకు ముందు నాలుగు వారాలూ రోజుకొక ఖాతాదారు దుకాణం వెనక గదికి వస్తాడు. వచ్చే ఏడు ఏ తాడు ఎంత కావాలో అక్కడే మాట్లాడుకుంటారు. ఆ మాటల మధ్య తాళ్ళాయన తన చేత్తో వచ్చినవాడికి పోయాలి, అదే సీసాలోంచి తానూ సమానంగా తాగాలి. తాను తాగనిది అవతలివాడికి పోస్తే, తాను వేలాడని తాడు అమ్మినట్టే.

మిగతా పదకొండు నెలలూ ఆయన చుక్క ముట్టడు. పెళ్ళిళ్ళలో ఎవరైనా గ్లాసు పెడితే బోర్లించేస్తాడు. అందుకే ఎవరైనా ఆ నాలుగు వారాల సంగతి ఎత్తితే తడుముకోకుండా జవాబు చెప్పేవాడు. ఏడాది మొత్తానికి సర్దితే రోజుకు రెండు చెంచాలు కూడా పడదు, దగ్గు మందు తాగేవాళ్ళు తనకంటే ఎక్కువ తాగుతారు అని. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. భార్య మాత్రం నవ్వేది కాదు.

ఆమెకు ఆయన కంటే తాళ్ళు బాగా తెలుసు. మోకు చివర కొక్కేనికి తగిలించే కన్ను అల్లాలంటే వీధి మొత్తానికి ఆమె చెయ్యే. పేటలు విడదీసి, ఒకదాని కింద ఒకటి దూర్చి, లాగి బిగిస్తే ఆ ముడి తాడు కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. వేళ్ళ చివర్లు కాయలు కాచిపోయి, వేడి గిన్నెను కూడా గుడ్డ లేకుండా దించగలదు. అలాంటి మనిషి రెండు వారాలుగా మొగుణ్ణి కూడా తాడును చూసినట్టే చూస్తోంది. బెల్టు రెండు రంధ్రాలు వెనక్కి వెళ్ళింది. కంచంలో సగం అలాగే ఉండిపోతోంది. పద్నాలుగు మెట్లు ఎక్కడానికి తొమ్మిదో మెట్టు దగ్గర ఆగుతున్నాడు.

"తొమ్మిదో మెట్టు దగ్గర ఎవరున్నారండీ, రోజూ నిలబడి పలకరిస్తున్నారు?" అని అడిగింది ఒకరోజు.

"బల్లి. మంచి చెడ్డా కనుక్కుంటున్నా" అన్నాడు ఆయాసాన్ని నవ్వులో కలిపేస్తూ.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. కిందటి వారం ఇంట్లో అందరి రక్తం తీసుకువెళ్ళింది. ఆ రోజు తండ్రి చెయ్యి చాపి, ఈ సరుకుకు వాపసు లేదని జోకు కూడా వేశాడు. ఇవాళ ఆమె ల్యాబుకు వెళ్ళకుండా ముందు గదిలో చెప్పులు వేసుకుని కూర్చుంది. దుకాణం గంట ఆలస్యంగా తెరవమని, తనతో ఒకచోటికి రావాలని చెప్పింది. ఎక్కడికని అడిగితే దారిలో చెప్తానంది. మూడేళ్ళుగా ఎంతోమంది చేతికి కాగితాలిచ్చిన పిల్ల, తండ్రి కాగితాన్ని మాత్రం సంచిలోంచి బయటికి తియ్యలేకపోయింది.

లివరు డాక్టరమ్మ కాగితం చూసింది, పడుకోబెట్టి పొట్ట మీద యంత్రం తిప్పింది, పొద్దున్నే చేతులు వణుకుతాయా అని అడిగింది. లేదన్నాడు. ఎంత తాగుతారంటే తన రెండు చెంచాల లెక్క చెప్పాడు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. రోజుకు ఎంత అని కాదు, తాగిన రోజున ఎంత అని అడిగింది. తాళ్ళాయన వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు.

లివరులో కొవ్వు పేరుకుందని, దాని మీద ఇప్పుడు వాపు కూడా వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. రక్తంలో లివరు ఎంజైములు ఉండాల్సిన దానికి నాలుగింతలున్నాయి. ఇంకా గట్టిపడలేదు, అదొక్కటే అదృష్టం. ఇప్పుడు వదిలేస్తే చాలావరకు కోలుకుంటుంది, గట్టిపడ్డాక మాత్రం వెనక్కి తేవడం కష్టం. ఇవాళ్టి నుంచి చుక్క కూడా వద్దంది, సెలవుల్లోనూ, సెలవుల తరువాతా. తాగిన మర్నాడు మింగే ఆ మాత్రల్ని కూడా కరిగించాల్సింది ఆ లివరేనని, దెబ్బ తిన్నదాని నెత్తిన ఇంకో మూట పెడుతున్నారని చెప్పింది. టానిక్కు సీసా సంగతి విని, అందులో ఏముందో రాసినవాడికైనా తెలుసో లేదో, పారబొయ్యండంది. మిఠాయిలు, వేపుళ్ళు తగ్గించాలి, రోజూ నడవాలి, ఏడు కిలోలు తగ్గాలి. మూడు నెలల తరువాత మళ్ళీ రక్తం చూడాలి.

"నాకు ఎక్కడా నొప్పి లేదే డాక్టరుగారూ" అన్నాడు తాళ్ళాయన చివరి బేరంగా.

"లివరు తొందరగా నొప్పి చెప్పదండీ. అది చెప్పేదాకా ఆగినవాళ్ళే నా దగ్గర ఎక్కువమంది" అంది ఆమె.

బస్సు దిగాక తాళ్ళాయన మెల్లగా మొదలుపెట్టాడు. డాక్టరమ్మ చెప్పింది సబబే, రేపట్నుంచి మానేస్తాను, ఈ ఒక్క సాయంత్రం గడవనీ అన్నాడు. ఆ సాయంత్రం రావలసింది క్రేన్లాయన. నగరంలో సగం కట్టడాల దగ్గర తిరిగే క్రేన్లు ఆయనవే, దుకాణంలో సగం ఉక్కు తాడు పోయేదీ ఆయనకే. తాళ్ళాయన కంటే పదేళ్ళు పెద్ద, తండ్రి కాలం నుంచి వస్తున్న మనిషి. పక్కవీధి గొలుసుల కొట్టువాడు ఆయన కోసం ఎప్పట్నుంచో కాచుకుని కూర్చున్నాడు. అలాంటి మనిషి ముందు గ్లాసు పక్కన పెట్టడానికి తనకు మొహం చెల్లదన్నాడు.

భోజనాల బల్ల దగ్గర అది తగువైంది. రేపట్నుంచి అన్న మాట ల్యాబుకు వచ్చే ప్రతివాడూ అంటాడని కూతురు అంది. నీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, నా వ్యాపారం మర్యాద మీద నడుస్తుంది, అది నీకు తెలియదని తండ్రి అన్నాడు. ఆ మర్యాదే తనను చదివించిందని తెలుసని, అందుకే ఆ కాగితం నాలుగు రోజులు సంచిలో పెట్టుకుని తిరిగానని చెప్పి, ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. తాళ్ళాయన గొంతు తగ్గింది గాని పట్టు తగ్గలేదు. పదకొండు నెలలు విశ్రాంతి ఇచ్చాను కదా, ఒక్క నెల మొయ్యలేదా ఆ లివరు అన్నాడు.

అప్పటిదాకా కిటికీ పక్కన కూర్చుని కన్ను అల్లుతున్న భార్య చేతిలోని మోకు కింద పెట్టింది. కిందికి దిగి వెళ్ళింది. మూలన పడి ఉన్న ఒక పాత మోకు తెచ్చి, కంచం పక్కకు జరిపి, ఆయన ముందు పెట్టింది.

"దీన్ని ఒక టన్ను మోస్తుందని అమ్మారు. కొన్నవాడు పదకొండు నెలలు కొట్లో పడేసి, పన్నెండో నెలలో పన్నెండు టన్నులు ఎత్తి తెగిందని తెచ్చాడనుకోండి. ఏడాదికి సర్దితే నెలకొక టన్నే కదా అంటాడు. మీరేమంటారు?"

అలాంటివాణ్ణి తాళ్ళాయన దుకాణంలోంచి పంపించేస్తాడు. విశ్రాంతి తీసుకున్నంత మాత్రాన తాడుకు బలం పెరగదని, ఎత్తిన రోజున ఎంత ఎత్తామన్నదే లెక్కని ఆయనే పాతికేళ్ళుగా ఆ కొక్కెం కింద నిలబడి చెబుతున్నాడు.

ఆమె మోకును రెండు చేతులతో పట్టుకుని పురికి ఎదురు తిప్పింది. పైకి నిగనిగలాడుతున్న పేటలు విడిపోయాయి. లోపల్నుంచి బల్ల మీదికి పొట్టులా పొడి రాలింది.

"పైన చూసి తాడు వాపసు తీసుకున్నారా ఎప్పుడైనా? పురి విప్పి చూసే తీసుకుంటారు. అమ్మాయి మీకు చేసిందీ అదే" అంది.

ఆయన ఆ పొడిని వేలితో తాకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె అక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన సర్దుకుని ఇంకేదో ఒక సమాధానం వెతుక్కునేవాడే. కాని ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇంకొక తాడు పురి విప్పవలసి ఉంది, అది తానే బిగించి పెట్టింది అని చెప్పింది.

"మామగారు పోయింది నీళ్ళ వల్ల వచ్చిన కామెర్లతో కాదండీ."

ఇరవై రెండేళ్ళ కిందట, అదే చివరి నెలలో, తాళ్ళాయన సరుకు కోసం దూరం వెళ్ళి ఉన్నప్పుడు తండ్రి మంచం పట్టాడు. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, ఈయన తిరిగొచ్చేసరికి మాట కూడా లేదు. అంతకు పది రోజుల ముందు ఆసుపత్రి వసారాలో డాక్టరు కోడలికి అసలు సంగతి చెప్పాడు. ఆ ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దమ్మా, తాళ్ళ కొట్టు మనిషి తాగి పోయాడంటే ఈ దుకాణం మాట ఎవడు నమ్ముతాడు, నా కొడుక్కి కూడా తెలియనివ్వకు అని అడిగాడు. ఆమె మాటిచ్చింది. చెడ్డ నీళ్ళు తాగి కామెర్లొచ్చాయని వీధికి చెప్పింది, వీధి నమ్మింది, మొగుడూ నమ్మాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కాచని నీళ్ళు తాగలేదు. తాళ్ళాయన ఊరెళ్ళినా కాచిన నీళ్ళ సీసా మోసుకువెళ్ళేవాడు.

"ఇరవై రెండేళ్ళు మీకు నీళ్ళు కాచి పోశాను. కాచిన ప్రతిసారీ ఆ అబద్ధమే కాస్తున్నట్టుండేది. దుకాణం పేరు నిలబడుతుందనుకున్నాను గాని, మీరూ అదే గ్లాసు పట్టుకుంటారని ఆలోచించలేదు. తప్పు నాదే" అందామె. కాయలు కాచిన వేళ్ళు విప్పిన పేటల్ని మళ్ళీ కలపాలని చూస్తున్నాయి, అవి కలవడం లేదు.

కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసింది. తాళ్ళాయన లేచి, తినని కంచం తానే తీసి, కిందికి దిగిపోయాడు. తొమ్మిదో మెట్టు దగ్గర ఆయన చాలాసేపు ఆగడం వాళ్ళిద్దరికీ వినిపించింది.

మధ్యాహ్నమంతా ఆయన కొక్కెం కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తన తండ్రి ఆ కొక్కేనికి వేలాడుతూ కాళ్ళు ఊపి ఖాతాదారుల్ని నవ్వించడం గుర్తొచ్చింది. ఎంత బరువైనా మోస్తానని చూపించిన మనిషి, మొయ్యలేకపోయానన్న ఒక్క మాట బయటికి రాకూడదని కోడల్ని బతిమాలుకుని వెళ్ళిపోయాడు. ఆ బరువు ఇరవై రెండేళ్ళు ఎవరు మోశారో తాళ్ళాయనకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. తాడు నాణ్యం చూడగానే చెప్పగలనని మురిసిపోయినవాడు, ఇంట్లో ఉన్నదాన్ని ఒక్కసారీ విప్పి చూడలేదు.

ఆరు గంటలకు క్రేన్లాయన వచ్చాడు. వెనక గదిలో ఎప్పటిలాగే కిటికీ పక్క కుర్చీలో, పూలకుండీ పక్కన కూర్చున్నాడు. ఆ కుండీదొక వింత. ఎంత మంచి మొక్క పెట్టినా ఏటా ఈ సెలవులు దాటేసరికి వాడిపోయి చస్తుంది. వెలుతురు చాలడం లేదని తాళ్ళాయన, మట్టి మంచిది కాదని భార్య అనుకునేవాళ్ళు. ఏడాదికొక కొత్త మొక్క తెచ్చి పెట్టడం ఆమెకు అలవాటైపోయింది.

తాళ్ళాయన సీసా తెచ్చి పెద్దాయన గ్లాసులో పోశాడు. తన గ్లాసులో కూజాలోంచి కాచిన నీళ్ళు పోసుకున్నాడు. మెట్ల మీద భార్య నిలబడి ఉందని ఆయనకు తెలుసు.

"అన్నా, ఇవాళ నేను నీతో సమానంగా తాగలేను. ఇవాళే కాదు, ఇక మీదటా తాగలేను. లివరు వాచిందన్నారు. నీకు మర్యాద తక్కువైందనిపిస్తే నేను చెయ్యగలిగింది లేదు" అని, మెట్లవైపు కూడా వినబడేలా అన్నాడు. "మా నాన్న పోయింది కూడా దీనివల్లే. నీళ్ళ వల్ల కాదు. వీధిలో ఎవరడిగినా ఇక అదే చెప్తాను."

మెట్ల మీద చిన్న చప్పుడైంది. భార్య కూర్చుండిపోయిన చప్పుడది.

క్రేన్లాయన గ్లాసును చేతిలో ఒకసారి తిప్పాడు. గొలుసుల కొట్టువాడి ముఖం తాళ్ళాయన కళ్ళ ముందు కదిలింది. పెద్దాయన తాపీగా కుండీ వైపు వంగి, గ్లాసులో ఉన్నదంతా మొక్క మొదట్లో పోసేశాడు.

"చెల్లెమ్మతో చెప్పు, నన్ను క్షమించమని. ఏడేళ్ళుగా ఆమె మొక్కలన్నిటినీ చంపింది నేనే" అన్నాడు.

ఏడేళ్ళ కిందటే క్రేన్లాయనను డాక్టరు మానిపించాడట. ఇక్కడ కాదంటే తాళ్ళాయన నొచ్చుకుంటాడని, తండ్రి నాటి పద్ధతిని తోసిపుచ్చినట్టవుతుందని, ఈయన సీసా మూత పెట్టేందుకు అటు తిరిగిన ప్రతిసారీ కుండీలో పోస్తూ వచ్చాడట.

"నువ్వు అంత ఇష్టంగా పోస్తుంటే వద్దనడానికి నోరు రాలేదు తమ్ముడూ. నీకిదంటే ప్రాణం అనుకున్నా."

"నీ కోసం తాగుతున్నానన్నా నేను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాళ్ళాయనకు ముందు నవ్వొచ్చింది. ఏడేళ్ళపాటు ఒకడు మర్యాదకు పోయడం, ఇంకొకడు మర్యాదకు పారబోయడం, మధ్యలో మొక్క ఒకటి, తన లివరు ఒకటి చెడిపోవడం. ఇంత తెలివితక్కువ బేరం ఆ వీధిలో ఎవడూ చేసి ఉండడు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగి, పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. తండ్రి ఎదుట కూర్చున్నవాళ్ళలో ఎందరు వద్దనలేక తాగారో, తండ్రి ఎందరి కోసం తాగాడో, అడిగి తెలుసుకోవడానికి ఇప్పుడెవరూ లేరు.

మరి ఆర్డరు సంగతి అని మెల్లగా అడిగాడు. తాను ఇక్కడ కొనేది తాడని, గ్లాసు కాదని, దానికి కొక్కెం సాక్ష్యం చాలని పెద్దాయన అన్నాడు. అయితే పద్ధతి పద్ధతేనని, వేలాడి చూపించమని దుకాణంలోకి దారి తీశాడు. తాళ్ళాయన కొత్త మోకు తగిలించి, పంటి బిగువున పట్టుకుని పైకి లేచాడు. పొట్ట ముందుకు, కాళ్ళు వెనక్కి, నేలకు జానెడు ఎత్తున గిరగిరా తిరిగాడు.

క్రేన్లాయన చుట్టూ నడిచి చూశాడు. "తాడు గట్టిదే. మనిషే ఒక ఏడు కిలోలు తగ్గాలి" అన్నాడు.

మెట్ల మీద నుంచి నవ్వు వినబడింది. ఆ చివరి నెల మొత్తంలో భార్య నవ్వు వినడం ఆయనకు అదే మొదలు.

మిగిలిన సాయంత్రాలు అంత సులువుగా సాగలేదు. వెనక గదిలో నీళ్ళు, నిమ్మరసం పెడితే ఇద్దరు ముఖం చిట్లించారు. ఒకాయన పక్కవీధికే వెళ్ళిపోయాడు. ఇంకొకాయన మాత్రం బతికించావయ్యా అని రెండు గ్లాసుల నిమ్మరసం తాగాడు. సెలవు విందుల్లో కంచంలోకి వచ్చే మిఠాయిని సగం చేసి కూతురికి పెట్టడం, భోజనమయ్యాక భార్యతో వీధి చివరిదాకా నడవడం తాళ్ళాయన నేర్చుకున్నాడు. ఆ నడకల్లో ఆమె మామగారి చివరి రోజుల గురించి కొంచెం కొంచెంగా చెప్పేది. ఆయన వినేవాడు. టానిక్కు సీసాను మాత్రం కుండీలో పోస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. ఆ మొక్క పడ్డ కష్టం చాలంది.

మూడు నెలలు గడిచాయి. ఆదివారం పొద్దున్న ఏడింటికి కూతురు సూది, సీసాలు సర్దుకుంటుంటే తల్లి కుండీని వెలుతురు వైపు తిప్పుతోంది. మొక్క బతికింది, పక్కనుంచి ఒక చిన్న ఆకు కూడా వేసింది. తాళ్ళాయన పద్నాలుగు మెట్లూ ఒక్క ఊపున ఎక్కి వచ్చి, కాస్త ఆయాసపడుతూనే కుర్చీలో కూర్చున్నాడు. రక్తం బాగుంటుందో లేదో ఆయనకు తెలియదు. సగం బాగున్నా సరే, మిగతా సగానికి మరో మూడు నెలలు ఆగుతానని ముందే చెప్పేశాడు.

కూతురు అడగకముందే చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, చెయ్యి బల్ల మీద చాపాడు.

"పురి విప్పి చూడు తల్లీ" అన్నాడు.

భార్య కూజాలోంచి కాచిన నీళ్ళు ఒక గ్లాసులో పోసి ఆయన పక్కన పెట్టింది. ఈసారి ఆమె చేతిలో అవి నీళ్ళు మాత్రమే.